హామ్ రేడియోలో బ్యాండ్‌విడ్త్: కడప జిల్లా కొత్త ఆపరేటర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కడప, ప్రొద్దుటూరు, బద్వేలు, పులివెందుల వైపు హామ్ రేడియో (ఆసక్తితో సొంతంగా నడుపుకునే అమెచ్యూర్ రేడియో) లైసెన్సు కొత్తగా తీసుకున్నవాళ్లు, ఆ లైసెన్సు కోసం రాసే ఏఎస్‌ఓసీ పరీక్షకు చదువుతున్న ఇంజనీరింగ్ పిల్లలు పదేపదే అడిగే ప్రశ్నలివి. యాంటెన్నా గురించి, రిగ్ (రేడియో సెట్టు) ధర గురించి అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. తమ సిగ్నల్ గాలిలో ఎంత జాగా తీసుకుంటోందని అడిగేవాళ్లు తక్కువ. నా లెక్కన ఆపరేటర్‌కు ముందుగా రావలసిన విద్య అదే. అందుకే కొన్ని జవాబులు కాస్త పొడుగ్గా ఉన్నాయి.

డయల్ మీద ఒకే నంబరు ఉంది కదా, ఈ వెడల్పు ఎక్కడినుంచి వస్తుంది?

డయల్ మీద 7.100 మెగాహెర్ట్జ్ అని కనిపించినా మీ సిగ్నల్ ఆ ఒక్క చోట నిలబడదు. మాట గానీ, మోర్స్ గానీ, డేటా గానీ దాని మీదికి ఎక్కగానే పక్కకు పరుచుకుంటుంది. ఎంత పరుచుకుందో కొలవడానికి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఒక పద్ధతి పెట్టింది. మొత్తం పవర్‌లో 99 శాతం ఎంత వెడల్పులో ఇముడుతుందో అదే ఆ సిగ్నల్ ఆక్రమించే బ్యాండ్‌విడ్త్. పై అంచు దాటి అర శాతం, కింది అంచు దాటి అర శాతం మాత్రమే బయట ఉండాలి.

మనకు తెలిసిన రేడియోతో పోల్చి చూడండి. కడప ఆకాశవాణి మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. ఆ బ్యాండులో ఒక స్టేషన్‌కూ పక్క స్టేషన్‌కూ మధ్య 9 కిలోహెర్ట్జ్ ఎడం. పాటలు వచ్చే ఎఫ్ఎం స్టేషన్‌కైతే ఒక్కదానికే దాదాపు 200 కిలోహెర్ట్జ్ కావాలి. మన దేశంలో 40 మీటర్ల హామ్ బ్యాండు 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ వరకు, అంటే మొత్తం కలిపి 200 కిలోహెర్ట్జే. ఒక్క ఎఫ్ఎం స్టేషన్‌కు పట్టేంత జాగాలో దేశంలోని హామ్‌లందరం, బయటి దేశాలవాళ్లతో సహా, సర్దుకుంటున్నాం.

ఏ మోడ్‌కు ఎంత వెడల్పు పడుతుంది?

మామూలు వేగంతో పంపే మోర్స్‌కు 150 హెర్ట్జ్ లోపే. కంప్యూటర్‌తో పంపే డేటా మోడ్‌లలో ఎఫ్‌టీ8కు 50 హెర్ట్జ్, పీఎస్‌కే31కు 60 హెర్ట్జ్ దాకా. ఎస్ఎస్‌బీలో (మాటను మోసే రెండు సైడ్‌బ్యాండ్లలో ఒక్కటే పంపే పద్ధతిలో) మాట్లాడితే 2.4 నుంచి 2.8 కిలోహెర్ట్జ్. అదే మాట ఏఎంలో పంపితే 6 కిలోహెర్ట్జ్, ఎందుకంటే క్యారియర్ అనే మూల తరంగానికి అటూ ఇటూ ఉండే రెండు సైడ్‌బ్యాండ్లూ వెళ్తాయి. ఎఫ్ఎంకు ఒక లెక్క ఉంది: డీవియేషన్‌ను (ఫ్రీక్వెన్సీ ఒక్కో పక్కకు జరిగే దూరాన్ని), మాటలోని అత్యధిక ఫ్రీక్వెన్సీని కూడి రెండుతో గుణించాలి. 5 కిలోహెర్ట్జ్ డీవియేషన్, 3 కిలోహెర్ట్జ్ మాట అయితే 16 కిలోహెర్ట్జ్. నారో సెట్టింగులో డీవియేషన్ 2.5 కాబట్టి 11 వస్తుంది. పరీక్షలో ఈ లెక్క అడగవచ్చు, నోటికి వచ్చేలా పెట్టుకోండి.

మన లైసెన్సులో బ్యాండ్‌విడ్త్ గురించి ఏముంటుంది? అక్షరాలు, అంకెలు కలిసి ఏవో కోడ్‌లు కనిపిస్తున్నాయి.

మన దేశంలో అమెచ్యూర్ లైసెన్సు ఇచ్చేది టెలికమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. 1978లో వచ్చిన అమెచ్యూర్ సర్వీస్ రూల్స్, వాటికి తర్వాత జరిగిన సవరణలు మనందరం చదువుకున్న పునాది. ఏ గ్రేడుకు ఏ బ్యాండ్లు, ఎంత పవర్, ఏ రకం ఎమిషన్లు అన్నది పట్టికలో ఉంటుంది. మీరు చూసిన కోడ్‌లు ఆ ఎమిషన్ రకాలే. ఏ1ఏ అంటే మోర్స్. జే3ఈ అంటే క్యారియర్ లేని ఎస్ఎస్‌బీ మాట. ఎఫ్3ఈ అంటే ఎఫ్ఎం మాట. వీటి ముందు వెడల్పు కూడా రాసే పద్ధతి ఉంది: 2కే70జే3ఈ అంటే 2.70 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఎస్ఎస్‌బీ, 16కే0ఎఫ్3ఈ అంటే 16 కిలోహెర్ట్జ్ ఎఫ్ఎం. కే అక్షరం దశాంశ బిందువు ఉండే చోట కూర్చుంటుంది, అంతే. మీ కాల్‌సైన్ (స్టేషన్ పేరు) వీయూ2తో మొదలైనా వీయూ3తో మొదలైనా మీ చేతిలోని లైసెన్సు మీద ఏముందో అదే మీకు చివరి మాట. వాట్సాప్‌లో ఎవరో పంపిన పట్టికను నమ్మి ట్రాన్స్‌మిట్ చేయకండి.

చట్టం ఒకటైతే బ్యాండ్ ప్లాన్ ఇంకొకటి. అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ మూడు రీజియన్లుగా పనిచేస్తుంది, మనం మూడో రీజియన్‌లో ఉన్నాం. మోర్స్ ఎక్కడ, డేటా ఎక్కడ, మాట ఎక్కడ అని ఆ ప్లాన్ చెబుతుంది. అది హామ్‌లు తమలో తాము చేసుకున్న ఒప్పందం. దాన్ని చట్టంతో సమానంగా పాటించండి.

బయటి దేశాల్లో కూడా ఇలాగే ఉందా?

తేడాలున్నాయి. అమెరికాలో హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) డేటా సిగ్నళ్లకు చాలా ఏళ్లు 300 బాడ్ (సెకనుకు 300 సంకేతాలు) అనే వేగ పరిమితి ఉండేది. 2023 నవంబరులో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దాన్ని తీసేసి, ఎంత వేగమైనా సరే 2.8 కిలోహెర్ట్జ్ వెడల్పు దాటకూడదని పెట్టింది. నాకు ఈ మార్పు సరైనదనిపిస్తుంది. పక్కవాడికి ఇబ్బంది కలిగించేది మీ సిగ్నల్ వెడల్పు, మీరు నిమిషానికి ఎన్ని అక్షరాలు పంపుతున్నారన్నది కాదు. వేగం మీద పరిమితి పెడితే కొత్త మోడ్‌లు తయారుచేసేవాళ్ల చేతులు కట్టేసినట్టవుతుంది. వెడల్పు మీద పెడితే ఆ హద్దులో ఎవరి తెలివి వాళ్లు చూపించవచ్చు. అయితే ఆ రూలు అమెరికా స్టేషన్లది. దాన్ని చూపించి మనం ఇక్కడ ఏదీ చేయడానికి లేదు.

బ్యాండ్ అంచుల దగ్గర ఎంత దూరం ఉండాలి?

ఇక్కడ లెక్క తప్పితే చట్టం తప్పినట్టే. 10 మెగాహెర్ట్జ్ కంటే కింద మనం లోయర్ సైడ్‌బ్యాండ్, దాని పైన అప్పర్ సైడ్‌బ్యాండ్ వాడతాం. లోయర్‌లో మీ సిగ్నల్ డయల్ నంబరుకు కింద ఉంటుంది, అప్పర్‌లో పైన. 20 మీటర్ల బ్యాండు 14.350 దగ్గర ముగుస్తుంది. డయల్ మీద 14.349 పెట్టి మాట్లాడితే మీ గొంతు 14.352 దాకా పోతుంది, అంటే సగానికి పైగా బ్యాండు బయటే. 14.347 దాటకండి. 40 మీటర్లలో కింది అంచు దగ్గరా ఇదే సంగతి: 7.002 మీద లోయర్ సైడ్‌బ్యాండ్‌లో మాట్లాడితే సిగ్నల్ 7.000 దిగువకు జారుతుంది. అసలు అక్కడ మోర్స్ వాళ్లుంటారు కాబట్టి మాటకు ఆ వైపు పోనే వద్దు.

వీహెచ్‌ఎఫ్‌లోనూ (30 నుంచి 300 మెగాహెర్ట్జ్) హద్దులున్నాయి. 145.800 నుంచి 146.000 వరకు ఉపగ్రహాల జాగా. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 145.800 మీదే మాట్లాడుతుంది. హ్యాండీలో (చేతిలో పట్టుకునే సెట్టులో) ఖాళీగా వినిపిస్తోంది కదా అని ఆ ఫ్రీక్వెన్సీ మీద స్నేహితులు కబుర్లు పెట్టుకుంటే, అంతరిక్ష కేంద్రం మన మీదుగా పోయే ఆ కొద్ది నిమిషాల కోసం కాచుకున్నవాడికి ఏమీ వినపడదు. 20 మీటర్లలో 14.100 కూడా అలాంటిదే. అక్కడ ప్రపంచవ్యాప్తంగా బీకన్లు (తమంతట తామే సంకేతాలు పంపే స్టేషన్లు) వంతులవారీగా పలుకుతుంటాయి, మనకు దగ్గరది శ్రీలంకలో ఉంది. ఆ చోట పూర్తిగా వదిలేయండి.

నా సిగ్నల్ పక్కకు చిమ్ముతోందని రిపోర్టు ఇస్తున్నారు. పవర్ 100 వాట్లే పెట్టాను. ఎందుకలా?

దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: మైక్ గెయిన్ (మైక్‌లోని మాటను పెంచే స్థాయి) ఎక్కువ. ఎందుకు ఎక్కువ పెడతారో కూడా చెప్పగలను. ఎస్ఎస్‌బీలో 100 వాట్లు అంటే మాట శిఖరాల దగ్గర 100. మామూలు పవర్ మీటర్ సగటు చూపిస్తుంది కాబట్టి మాట్లాడుతున్నప్పుడు ముల్లు 25, 40 మధ్య ఊగుతుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి రిగ్ పవర్ రావడం లేదని టెన్షన్ పడి, ముల్లు 100 దాకా పోయేవరకు గెయిన్ పెంచుతారు. అక్కడితో సిగ్నల్ చెడిపోతుంది.

లోపల జరిగేది ఇది. యాంప్లిఫైయర్ తన శక్తికి మించి లాగితే మాటలోని ఫ్రీక్వెన్సీలు ఒకదానితో ఒకటి కలిసి కొత్తవి పుడతాయి. వీటిని ఇంటర్‌మాడ్యులేషన్ ఉత్పత్తులంటారు. మూడో శ్రేణివి అసలు సిగ్నల్‌కు మూడు రెట్ల వెడల్పు దాకా, ఐదో శ్రేణివి ఐదు రెట్ల దాకా పాకుతాయి. మీరు 2.7 కిలోహెర్ట్జ్ తీసుకుంటున్నానని అనుకుంటారు. గాలిలో 8 కిలోహెర్ట్జ్ పైగా, ఇంకా లాగితే 13 కిలోహెర్ట్జ్ పైగా పరుచుకుని ఉంటారు. అటు బెంగళూరు నుంచో ఇటు చెన్నై నుంచో 10 వాట్లతో పిలుస్తున్న మనిషి ఆ బురదలో కలిసిపోతాడు. కేసీ కెనాల్ మీద పైతూము దగ్గరి రైతు తన మడికి కావలసినదానికంటే ఎక్కువ ఎత్తితే చివరి ఆయకట్టు ఎండిపోయినట్టే ఇదీ. ఎత్తినవాడికి ఆ ఎండిన పొలం కనపడదు.

సరిచేసుకోవడం కష్టమేమీ కాదు. యాంటెన్నా తీసి డమ్మీ లోడ్ (సిగ్నల్‌ను గాలిలోకి పోనివ్వకుండా వేడిగా మార్చే రెసిస్టర్) పెట్టండి. స్పీచ్ ప్రాసెసర్ (మాట సగటు బలాన్ని పెంచే ఏర్పాటు) ఆపేయండి. రోజూ మాట్లాడే గొంతుతోనే, మైక్ మామూలుగా పట్టుకునే దూరంలోనే మాట్లాడండి. మాట శిఖరాల దగ్గర మాత్రమే ఏఎల్‌సీ (పవర్ హద్దు దాటకుండా అదుపు చేసే ఏర్పాటు) ముల్లు కదిలేలా, అది కూడా రిగ్ మీటర్ మీద గీసిన హద్దు లోపలే ఉండేలా గెయిన్ పెట్టండి. ఆ తర్వాత కావాలంటే ప్రాసెసర్ కొద్దిగా కలపండి. చాలామందికి అది లేకపోయినా సరిపోతుంది. రిగ్ వెనక పవర్ పెంచే లీనియర్ యాంప్లిఫైయర్ విడిగా ఉంటే దాన్ని కూడా విడిగా చూసుకోవాలి. రిగ్ శుభ్రంగా ఉన్నా లీనియర్‌కు ఎక్కువ డ్రైవ్ ఇస్తే అంతా పోయినట్టే.

పవర్ సప్లై సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మన పల్లెల్లో ఇది తరచూ ఎదురవుతుంది. 100 వాట్ల రిగ్‌కు 13.8 వోల్టులు కావాలి, మాట్లాడేటప్పుడు 20 ఆంపియర్ల దాకా లాగుతుంది. సాయంత్రం లైన్ వోల్టేజీ పడిపోయినప్పుడు, లేదా సన్నటి వైరుతో పాత ఇన్వర్టర్ బ్యాటరీకి కలిపినప్పుడు, మాట్లాడుతుంటే వోల్టేజీ 12 కంటే కిందికి జారుతుంది. గెయిన్ సరిగ్గానే ఉన్నా అప్పుడు సిగ్నల్ వంకరపోతుంది. రిగ్ వెనక కనెక్టర్ దగ్గర, మాట్లాడుతున్నప్పుడు, మల్టీమీటర్ పెట్టి చూడండి. తక్కువ వస్తే లావు వైరు వేయండి, లేదా పవర్ 50 వాట్లకు తగ్గించండి. సగం చేస్తే అవతలివాడికి తగ్గేది 3 డెసిబెల్లే, అంటే సిగ్నల్ బలం చూపించే ఎస్ మీటర్ మీద సగం గీత.

నా గొంతు ఆకాశవాణిలో వచ్చినట్టు గంభీరంగా వినపడాలి. ఎస్ఎస్‌బీ ఫిల్టర్‌ను 4 కిలోహెర్ట్జ్‌కు పెంచుకోవచ్చా?

బ్యాండు నిండుగా ఉన్నప్పుడు వద్దు. మాట అర్థం కావడానికి కావలసింది దాదాపు 300 నుంచి 2,700 హెర్ట్జ్ మధ్యలోనే ఉంది. స, ష, ఫ లాంటి ధ్వనుల బలం చాలావరకు అంతకంటే పైన ఉంటుంది, నిజమే. అందుకే పేర్లు, ఊళ్లు చెప్పేటప్పుడు ఫొనెటిక్ అక్షరాలతో (ఎ అంటే ఆల్ఫా, బి అంటే బ్రావో అన్నట్టు) చెబుతాం. వెడల్పు పెంచి మీరు సంపాదించే సొగసు పక్కనున్న రెండు క్యూఎస్ఓల (హామ్‌ల మధ్య సంభాషణల) ఖర్చుతో వస్తుంది. పైగా అదే పవర్ ఎక్కువ వెడల్పులో పంచబడి దూరంలో మీ మాట బలహీనపడుతుంది. బేస్ తగ్గించి, మధ్య ఫ్రీక్వెన్సీలు కాస్త పెంచి చూడండి. హైదరాబాద్ దాకా స్పష్టంగా వినిపించే గొంతు అదే.

హ్యాండీలో వైడ్, నారో అని ఉంది. ఏది పెట్టాలి?

అవతలివాళ్లు ఏది పెట్టుకున్నారో అదే. మీరు వైడ్‌లో పంపి వాళ్లు నారోలో వింటే మాట చీలిపోతుంది, గట్టిగా పలికిన అక్షరాలు తెగిపోతాయి. మీరు నారోలో పంపి వాళ్లు వైడ్‌లో వింటే మాట సన్నగా, దూరం నుంచి వస్తున్నట్టు ఉంటుంది. రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే స్టేషన్) వాడుతుంటే దాన్ని నడిపేవాళ్లు చెప్పిన సెట్టింగే పెట్టండి. మైక్‌లోకి అరవడం వల్ల ఎఫ్ఎంలో దూరం పెరగదు. పాలకొండల వెనక ఉన్నవాడికి వినపడాలంటే యాంటెన్నా ఎత్తు పెరగాలి.

ఎఫ్‌టీ8 ఎలాగూ 50 హెర్ట్జే కదా, అందులో తప్పేముంటుంది?

సరిగ్గా పెట్టుకుంటేనే 50 హెర్ట్జ్. 7.074 మీద ఒకే ఎస్ఎస్‌బీ ఫిల్టర్ వెడల్పులో పదుల కొద్దీ స్టేషన్లు 15 సెకన్ల వంతుల్లో పనిచేస్తాయి. మీ కంప్యూటర్ ఆడియో ఎక్కువైతే 600 హెర్ట్జ్ దగ్గర మీరు పంపే టోన్‌కు 1,200 దగ్గర, 1,800 దగ్గర నకళ్లు పుడతాయి. ఒక్కరే ముగ్గురి జాగా ఆక్రమిస్తారు. ఆడియో స్థాయి తగ్గించి, ఏఎల్‌సీ అసలు కదలకుండా చూడండి. ప్రాసెసర్ తప్పనిసరిగా ఆఫ్. సాఫ్ట్‌వేర్‌లో స్ప్లిట్ పద్ధతి ఉంటుంది, అది ఆన్ చేస్తే టోన్ ఎప్పుడూ 1,500 నుంచి 2,000 హెర్ట్జ్ మధ్యే ఉండి నకళ్లు ట్రాన్స్‌మిట్ ఫిల్టర్ దగ్గరే ఆగిపోతాయి. విండోస్ శబ్దాలు వేరే సౌండ్ కార్డుకు మార్చండి. మెయిల్ వచ్చిన గంట మోత ప్రపంచమంతా వినక్కర్లేదు.

మోర్స్‌లో కూడా వెడల్పు సమస్య ఉంటుందా?

ఉంటుంది. కీ నొక్కగానే సిగ్నల్ ఒక్కసారిగా లేస్తే క్లిక్‌లు పుట్టి కిలోహెర్ట్జ్ దూరం దాకా టిక్ టిక్ మని వినిపిస్తాయి. లేవడానికి, పడడానికి ఒక్కొక్కదానికి 5 మిల్లీసెకన్లు ఇస్తే చాలు. కొత్త రిగ్‌లలో ఇది మెనూలో మార్చుకోవచ్చు. సొంతంగా కట్టిన ట్రాన్స్‌మిటర్‌లో కీయింగ్ సర్క్యూట్ దగ్గర రెసిస్టర్, కెపాసిటర్ విలువలు చూసుకోవాలి.

సొంతంగా కిట్ కట్టాను. ఏం చూసుకోవాలి?

ముందుగా అభినందనలు. హైదరాబాద్‌లో పుట్టిన బిట్‌ఎక్స్ రేడియో డిజైన్‌ను ప్రపంచమంతా కట్టుకున్నారు, మనవాళ్లూ కట్టాలి. ప్రసారానికి ముందు పై ఫ్రీక్వెన్సీలను ఆపే లో పాస్ ఫిల్టర్ తప్పనిసరి. 7.1 మీద పంపితే రెండో హార్మోనిక్ (రెండు రెట్ల ఫ్రీక్వెన్సీ నకలు) 14.2, మూడోది 21.3 దగ్గర వస్తుంది. 30 మెగాహెర్ట్జ్ లోపు అమెచ్యూర్ ట్రాన్స్‌మిటర్లకు అంతర్జాతీయ నిబంధన ప్రకారం, పవర్ 5 వాట్లు దాటితే ఇలాంటి అనవసర ఉద్గారాలు కనీసం 50 డెసిబెల్ కింద ఉండాలి. 100 వాట్లకు అది 1 మిల్లీవాట్. మాస్‌ఫెట్‌కు (పవర్ ట్రాన్సిస్టర్‌కు) బయాస్ అనే తొలి వోల్టేజీ సరిగా పెట్టకపోతే మాట వంకరపోయి పక్కకు చిమ్ముతుంది, కాబట్టి ఆ ప్రీసెట్‌ను తొందరపడి తిప్పకండి.

ఇంట్లోనే నా సిగ్నల్ వెడల్పు చూసుకోగలనా?

చూసుకోవచ్చు. టీవీ ట్యూనర్ లాంటి చిన్న ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే రిసీవర్), ల్యాప్‌టాప్ ఉంటే వాటర్‌ఫాల్ మీద (ఫ్రీక్వెన్సీలను రంగుల్లో గీసి చూపే తెర మీద) సిగ్నల్ రూపం కనిపిస్తుంది. హెచ్‌ఎఫ్ అందుకునే రకం తీసుకోండి. రిగ్‌ను డమ్మీ లోడ్‌కు కలిపి, డాంగిల్‌కు వేలెడు వైరు ముక్క మాత్రమే పెట్టి, కాస్త దూరంగా ఉంచండి. దగ్గరగా పెడితే డాంగిల్ తట్టుకోలేక లేనివన్నీ చూపిస్తుంది. అంతకంటే నమ్మదగినది ఊరవతల, పది పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న స్నేహితుడు. తెర ఫొటో తీసి పంపమనండి. మొహమాటపడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ణి ఎంచుకోండి.

పక్క స్టేషన్ 10 కిలోహెర్ట్జ్ వెడల్పుగా వినిపిస్తోంది. వాళ్లదే తప్పా?

తేల్చేముందు మీ రిసీవర్‌ను పరీక్షించండి. నాయిస్ బ్లాంకర్ (టపటపమనే రొదను కోసేసే ఏర్పాటు) ఆన్‌లో ఉందా? బలమైన సిగ్నల్ ఉన్నప్పుడు బ్లాంకర్ శుభ్రమైన సిగ్నల్‌ను కూడా వెడల్పుగా చూపిస్తుంది. 40 మీటర్లలో ప్రీయాంప్ (వచ్చే సిగ్నల్‌ను పెంచేది) అక్కర్లేదు, తీసేయండి. తర్వాత అటెన్యుయేటర్ (వచ్చే సిగ్నల్‌ను తగ్గించేది) వేసి చూడండి. అసలు సిగ్నల్ తగ్గినదానికంటే పక్కనున్న చెత్త ఎక్కువగా తగ్గితే ఓవర్‌లోడ్ మీ రిసీవర్‌లోనే ఉంది. కడపలో ఆకాశవాణి టవర్‌కు దగ్గరగా ఉండేవాళ్లు దీన్ని ముఖ్యంగా చూసుకోవాలి. మీడియం వేవ్ బలానికి చౌక రిసీవర్లు కుదేలవుతాయి. 900 కిలోహెర్ట్జ్‌ను ఆపి హెచ్‌ఎఫ్‌ను పోనిచ్చే హై పాస్ ఫిల్టర్ చేసుకుంటే చాలా తేడా కనిపిస్తుంది. ఇక వాటర్‌ఫాల్ మొత్తం మీద ఒకే ఎడంతో నిలువు గీతలు పడుతుంటే అవి చాలావరకు సోలార్ ఇన్వర్టర్‌వో, ఎల్ఈడీ బల్బు డ్రైవర్‌వో అయి ఉంటాయి. ఏ హామ్‌నూ అనుమానించకండి.

వరదలప్పుడు, తుఫానప్పుడు ఈ నియమాలు పట్టించుకోవాలా?

అప్పుడే ఎక్కువ పట్టించుకోవాలి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్లు మునిగాయి. అలాంటి రోజు ఫోన్లు పనిచేయని చోటి నుంచి పలికే స్టేషన్ బ్యాటరీ మీద, చేతికందిన వైరు యాంటెన్నాతో, సన్నటి సిగ్నల్‌తో ఉంటుంది. మూడో రీజియన్‌లో అత్యవసర సమాచారానికి 40 మీటర్లలో 7.110, 20 మీటర్లలో 14.300 కేంద్ర ఫ్రీక్వెన్సీలుగా పెట్టుకున్నాం. ఆ సమయంలో 7.113 మీద కూర్చుని చిమ్మే సిగ్నల్‌తో మాట్లాడేవాడు సహాయం కోరే మాటను చంపేస్తాడు. కేంద్రానికి రెండు వైపులా 5 కిలోహెర్ట్జ్ వదలండి. పని లేకపోతే వినండి, నెట్ కంట్రోల్ (ఆ సంభాషణలను నడిపించే స్టేషన్) పిలిస్తేనే పలకండి.

మామూలు రోజుల్లో పక్క క్యూఎస్ఓకు ఎంత ఎడం ఇవ్వాలి?

ఎస్ఎస్‌బీకి కనీసం 3 కిలోహెర్ట్జ్, మోర్స్‌కు 500 హెర్ట్జ్. ముందు కాసేపు వినండి. తర్వాత ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందా అని కాల్‌సైన్‌తో సహా రెండుసార్లు అడగండి. స్కిప్ (సిగ్నల్ కొన్ని ఊళ్ల మీదుగా దాటిపోవడం) వల్ల మీకు ఒకవైపు స్టేషన్ వినపడకపోవచ్చు, దాన్ని వింటున్న రెండో స్టేషన్‌కు మాత్రం మీ ప్రశ్న వినపడవచ్చు.

ఒక సీనియర్ సిగ్నల్ బాగా వెడల్పుగా ఉంది. ఎలా చెప్పాలి?

గాలిలో అందరి ముందు వద్దు. ఫోను చేయండి, లేదా మెసేజ్ పెట్టండి. "సార్, మీరు 7.090 మీద ఉన్నప్పుడు నాకు 7.096 దాకా మాట వినిపిస్తోంది, నా దగ్గర అటెన్యుయేటర్ వేసి, బ్లాంకర్ ఆపి చూశాను, వాటర్‌ఫాల్ ఫొటో పంపుతున్నాను" అనండి. ఏ సమయం, ఏ ఫ్రీక్వెన్సీ, ఎంత దూరం, మీ రిసీవర్ ఏది అన్నవి ఉంటే ఎంత పెద్దాయనైనా వింటారు. ఇంకో ఊరి స్టేషన్ రిపోర్టు కూడా జత చేస్తే మరీ మంచిది. ఆయన గెయిన్ తగ్గించాక మళ్లీ విని, తేడా ఎంత వచ్చిందో ఆ సాయంత్రమే చెప్పండి.